ఉస్తరా

"ఎవడు కొయ్యమన్నడు మొన?"

ఎల్లస్వామి అరుపుకు జడ్చర్ల బస్టాండు ముందున్న అరటిపండ్ల బండివాళ్లు కూడా తిరిగి చూశారు.

అతని చేతిలో తళతళలాడే పాత మంగలికత్తి ఉంది. ఎదురుగా, ముస్తకీమ్ పాత సామాన్ల దుకాణం అరుగు మీద, కత్తెరలకు సాన పట్టి బతికే ఒక ముసలి సాయబు కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటిన మనిషి.

"కొయ్యలే బిడ్డా. జర గుండ్రంగ తిప్పిన."

"ఎందుకు తిప్పినవ్? తుప్పు తియ్యమన్న, పదును పెట్టమన్న. గంతే!"

ఎల్లస్వామి కోపం ఇవాళ్టిది కాదు. రెండు నెలల నాటిది.

అతని తండ్రి పర్వతాలుకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మాట కూడా పడిపోయింది. నాలుక మీద ఒక్క ముక్క మిగిలింది.

"ఉస్తా... ఉస్తా..."

తెల్లారితే అదే. అన్నం ముద్ద నోట్లో పెడితే అదే. తలుపు వైపు చూస్తూ అదే.

యాభై ఏళ్లు ఊరి గడ్డాలు గీసిన మనిషి, పోయే ముందు తన ఉస్తరా అడుగుతున్నాడని ఎల్లస్వామి అనుకున్నాడు. ముసలివాళ్లు మంగలికత్తిని ఇప్పటికీ ఉస్తరా అనే అంటారు.

కానీ అదెక్కడుంది? తమ సెలూన్లోకి బ్లేళ్లు రాగానే దాన్ని పాత ఇనుముకు వేసి ఉల్లిగడ్డలు తెచ్చింది ఎల్లస్వామే.

అది గుర్తొచ్చినప్పుడల్లా భార్య యాదమ్మ మీద అరిచాడు. గిరాకీల మీద అరిచాడు. అద్దంలో కనబడే తన మొహం మీద కూడా అరిచాడు.

చివరికి పోయిన శుక్రవారం ముస్తకీమ్ దుకాణంలో, విరిగిన తాళాల కుప్ప అడుగున ఒక ఉస్తరా దొరికింది. తుప్పు తినేసింది. పిడి పగిలింది. అయినా కొన్నాడు.

"సాన గిరక మీద పెట్టి గంటల ఇయ్యి," అన్నాడు అరుగు మీది ముసలాయనతో.

"గిరక వేడికి ఉస్తరా సచ్చిపోతది. రాతి మీద నూరాలె. నాలుగు దినాలు."

"నాలుగు దినాలా? మా బాపు అన్ని దినాలుంటడని రాసిస్తవా?"

ముసలాయన రాసివ్వలేదు. కిరసనాయిలు గుడ్డతో రుద్ది రుద్ది తుప్పు తీశాడు. బర్రెకొమ్ము చెక్కి పిడి బిగించాడు. నీళ్లు చల్లుకుంటూ నున్నటి రాయి మీద నూరాడు. తోలు పట్టా మీద అటూ ఇటూ తిప్పాడు. ఎల్లస్వామి రోజూ వచ్చి అరిచిపోయాడు.

తీరా ఇవాళ చూస్తే, సూదిలా ఉండాల్సిన మొన చిటికెనవేలి గోరులా ఉంది.

"ఖరాబు జేసినవ్! చేతగాకుంటే చేతగాదని చెప్పాలె."

"మీ బాపుకు తల నిలుస్తలేదంటివి గద. తల వాలితే మొన చెవుల దిగుతది. నా దగ్గర పని నేర్చినోళ్లకు గిట్లనే తిప్పి ఇచ్చిన. ఒక్కని చెవు తెగలే."

"అయితే వాళ్లనే పిలిచి గీకించుకో పో!"

ముసలాయన బోసినోటితో నవ్వాడు.

"కత్తికి పుట్టి బ్లేడుకు పెరిగినవ్. నీకేమెరుక?"

ఎల్లస్వామికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మీ బాపు పేరేంది బిడ్డా?"

"ఎందుకు? రేషన్ కార్డుల ఎక్కిస్తవా? ముస్తకీమన్నా! గీ ముసలాయన గీ అరుగు మీద ఇంకోసారి కనబడితే నీ దుకాణం ముందర పంచాయితీ వెడ్త. చెప్తున్న!"

ముసలాయన రాళ్లను గుడ్డలో మూటగట్టాడు. మోకాళ్లు పట్టుకుని లేచాడు. కదలబోతున్న బస్సు ఎక్కాడు. అది ఎటు పోతుందో బోర్డయినా చూడలేదు.

"చల్లగైందా?" అన్నాడు ముస్తకీమ్. "పది దినాల కింద వచ్చిండు చాచా. ఏ ఊరో నాకు గూడ చెప్పలే. ఎవలినో దేవులాడుతున్నడు, కత్తెర తెచ్చినోళ్లందరినీ బాపు పేరే అడిగిండు."

"దేవులాడుకోనీ!"

ఎల్లస్వామి విసవిసా ఇంటికి నడిచాడు.

యాదమ్మ మామ తలను దిండుకు ఆనించి పట్టుకుంది.

"మెల్లగ. బయటి కోపం ఆయన చెంప మీద తియ్యకు," అంది.

"నువ్వు పట్టుకో సాలు. బాపూ, ఇగో నీ ఉస్తరా!"

పర్వతాలు తల అడ్డంగా ఊపాడు. రెండు నెలలుగా ఏది తెచ్చి చూపినా ఊపినట్టే.

"చూసినవా? కాళ్లరిగేటట్టు తిరిగి తెస్తే గిది గూడ వద్దట!"

పళ్లు బిగబట్టి నురగ రాశాడు. గీయడం మొదలుపెట్టాడు. కత్తి వెన్నలోకి దిగినట్టు సాగింది. చెవి దాకా రాగానే పర్వతాలు తల ఒక్కసారిగా పక్కకు వాలిపోయింది.

యాదమ్మ కెవ్వున అరిచింది.

చెవి తెగలేదు.

ఎల్లస్వామి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

పర్వతాలు ఎడమచేత్తో కత్తిని అందుకున్నాడు. బొటనవేలితో మొనను తడిమాడు. నమ్మలేనట్టు మళ్లీ తడిమాడు. కంటినీరు నురగలోకి జారింది. తలుపు వైపు చూశాడు. మెడనరాలు తేలేలా, రెండు నెలలుగా సగంలోనే తెగిపోతున్న మాటను ఈసారి చివరిదాకా లాక్కొచ్చాడు.

"ఉస్తా... ద్."