ఎడమవైపు అంచు

నగల షావుకారు మధ్యాహ్నం భోజనానికి మేడ మీదికి వెళ్ళగానే కెంపుల హారం కొట్టేయాలని వెబ్ డిజైనర్ నిశ్చయించుకున్నాడు. ఇంతకు ముందు అతను దొంగిలించినవన్నీ ఇంటర్నెట్‌లో ఇతరులు పెట్టుకున్న బొమ్మలే. చేత్తో పట్టుకునే వస్తువు జోలికి పోవడం ఇదే మొదలు.

ఈ దుర్బుద్ధి పుట్టించింది ఒక ఫోటో.

షావుకారు కొట్టు వెబ్‌సైటును ఎవరో పాత డిజైనర్ సగం చేసి వదిలేశాడు. మొదటి పేజీలో నడుమ వెలగాల్సిన హారం బొమ్మ ఎడమ అంచుకి బల్లిలా అతుక్కుని ఉంది. దాన్ని మధ్యలోకి తెమ్మని షావుకారు ఇతన్ని పెట్టుకున్నాడు.

పని చిన్నదే, బొమ్మే మొండిది. పేజీలో ఏది ఎక్కడ కూర్చోవాలో చెప్పేది సీఎస్సెస్. అందులో ఇటూ అటూ ఖాళీ సమానంగా పంచమని రాశాడు. బొమ్మ కదల్లేదు. ఇంకోలా రాశాడు. పైనున్న కొట్టు పేరు మధ్యలోకి వచ్చింది గానీ బొమ్మ రాలేదు. షావుకారు వెనకాలే కుర్చీ వేసుకుని, "కొంచెం కుడికి బాబూ. అబ్బే, పేరు కాదు, హారం" అంటూ ప్రాణం తోడేశాడు.

చివరికి తేలిందేమిటంటే, పేజీ ఆ బొమ్మని వరసలో ఒక అక్షరంలా చూస్తోంది. దానికంటూ ఒక వరస మొత్తం రాసిచ్చి, 'బ్లాక్' అనగానే కిక్కురుమనకుండా వచ్చి నట్టనడుమ కూర్చుంది.

ఇక అంచులు కత్తిరించాలి. ఫోటో మరీ వెడల్పు. ఆ పనికోసం అసలు ఫోటోని పెద్దది చేసి చూశాడు. ఎడమవైపు కొసన షావుకారి సగం మొహం, ఒక చెయ్యి ఉన్నాయి. ఆ చెయ్యి హారం దాచే గాజు బీరువా తాళంచెవిని పూలకుండీలో జారవిడుస్తోంది.

డిజైనర్ వెంటనే బొమ్మ నడిమి భాగం మాత్రమే కనబడేలా రాసి, రెండు అంచులూ లేపేశాడు. లోకానికి తెలియనక్కర్లేదు, తనకు తెలిస్తే చాలు.

సాయంత్రం ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు.

"బొమ్మని మధ్యలో నిలబెట్టడానికే తల ప్రాణం తోకకొచ్చింది మీకు. నగ ఎత్తుకొస్తారా?" అంది ఆవిడ.

"ఆ పాత డిజైనర్ గుడ్డివాడు. కళ్ళెదుట ఉన్నా చూళ్ళేదు. నాకు కళ్ళున్నాయి."

"కళ్ళ సంగతి సరే. పరిగెత్తడానికి కాళ్ళున్నాయా?"

అన్నదే గానీ, మర్నాడు బయల్దేరేటప్పుడు హారం పట్టేంత డబ్బా ఒకటి కడిగి చేతికిచ్చింది. చెంగుతో తడి లేకుండా తుడిచి మరీ ఇచ్చింది.

మధ్యాహ్నమైంది. షావుకారు షట్టరు సగానికి దించాడు. "నువ్వు రావా బాబూ?"

"పేజీ నెట్‌లోకి ఎక్కుతోంది సార్. మధ్యలో వదిలితే మళ్ళీ మొదటికొస్తుంది. మీరు తినేసి రండి."

మెట్ల మీద చెప్పుల చప్పుడు సన్నగిల్లేదాకా ఆగి, పూలకుండీలో చెయ్యి పెట్టాడు. ప్లాస్టిక్ గులాబీల కింద తాళంచెవి తగిలింది. బీరువా తలుపు ఎంతో మర్యాదగా తెరుచుకుంది. హారం పైకెత్తాడు. భార్య మెడలో అది ఎలా ఉంటుందో అనుకునేలోగా వెనక నించి గొంతు వినబడింది.

"కాస్త కుడికి జరుగు బాబూ. మధ్యలోకి రావట్లేదు."

మెట్ల మలుపులో షావుకారు సెల్‌ఫోన్ ఎత్తి పట్టుకుని వీడియో తీస్తున్నాడు. అలవాటు చొప్పున డిజైనర్ కుడికి జరిగాడు కూడా.

"ఆఁ, ఇప్పుడు సరిపోయింది" అన్నాడు షావుకారు.

పరిగెత్తుదామంటే షట్టరు సగమే తెరిచి ఉంది, వంగి దూరాలి. వంగడానికి నడుము సహకరించేలా లేదు.

"హారం గిల్టు బాబూ. వీడియో మాత్రం అసలు సిసలు" అంటూ షావుకారు తాపీగా దిగివచ్చాడు. "దీన్ని పోలీసులకి చూపించనా, నే చెప్పిన పని చేస్తావా?"

"ఏం పని సార్?"

"మా తోడల్లుడి లాడ్జీకి ఒక సైటు కావాలి. వియ్యంకుడి టైర్ల కొట్టుకి ఒకటి. మా మేనత్త కొడుకు ఊళ్ళో వాళ్ళందరికీ చేయించి పెడతానని మాటిచ్చేశాడు, అవన్నీ."

"మరి జీతం..."

షావుకారు ఫోన్‌లో వీడియో మళ్ళీ మొదట్నుంచి పెట్టాడు. డిజైనర్ హారాన్ని తిరిగి బీరువాలో పెట్టేశాడు. ఇంట్లో ఆవిడకి ఏం చెప్పాలో ఆలోచిస్తూ, షావుకారి వెంట కొట్టు వెనక గదిలోకి నడిచాడు.

అక్కడ గాలి ఆడని మూల, కంప్యూటర్ ముందు గడ్డం మాసిన మనిషి ఒకడు టైరు బొమ్మని తెర మధ్యలోకి తెస్తున్నాడు. వీళ్ళని చూసి చెయ్యి ఆపాడు.

"నీకు ముందున్న డిజైనర్ ఇతనే. ఆ ఫోటో తీసిందీ ఇతనే" అన్నాడు షావుకారు.

ఆ మనిషి లేచి, సంచీ భుజాన వేసుకుని, కుర్చీని గౌరవంగా కొత్తవాడి వైపు జరిపి, షావుకారుతో అన్నాడు: "నా బదులు మనిషిని పట్టిచ్చాను కదా సార్, ఇక నా వీడియో చెరిపేయండి."