పసుపు పూత

సింగపూర్ సెరంగూన్‌లో హైమావతి ఆంటీ ఇంట్లో వరలక్ష్మీ పేరంటం. ఆంటీ పసుపు గిన్నెతో ఒక్కొక్కరి ముందూ కూర్చుని పాదాలకు రాస్తోంది.

సుచరిత తన వంతు రాగానే కుచ్చిళ్ళు కాస్త ఎక్కువగానే పైకి తీసి కాళ్ళు చాపింది. చీలమండల మీద కమిలిన బెల్టు వాతలు.

ఆంటీ చెయ్యి ఆగింది. పక్కవాళ్ళు తొంగి చూశారు.

"మెట్ల మీద జారావా అమ్మా?" అంది ఆంటీ.

"మా బ్లాకులో లిఫ్టుంది ఆంటీ."

ఆంటీ ఇంకాస్త పసుపు తీసుకుని, వాతలు కనబడకుండా మందంగా పూసింది.

"మీ ఆయనకి పీఆర్ వచ్చిందటగా, ఇక ఇక్కడే స్థిరపడిపోవచ్చు! పార్టీ ఎప్పుడు?" అన్నారెవరో వెనకనుంచి.

ట్రైన్‌లో ఇంటికి వెళుతూ సుచరిత ఆ పచ్చని పాదాలనే చూసుకుంది.

"నీ కాళ్ళు అందరూ చూస్తారు, పేరంటానికి వెళ్ళొద్దు," అన్నాడు పొద్దున మొగుడు.

అందుకే వెళ్ళింది.