పదిన్నర గంటల చెవుడు

రెండు ఊళ్ళ మధ్య ఎనిమిది వేల నాలుగు వందల కిలోమీటర్లు. విమానంలో పదిన్నర గంటలు. ఎవరికైనా అది శిక్ష. అతనికి మాత్రం వరంలా తోచింది.

వాషింగ్ మెషీన్ల కంపెనీలో ఫిర్యాదులు వినే ఉద్యోగం అతనిది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా చెవికి ఫోను, ఫోన్లో తిట్లు. ఈ పదిన్నర గంటలైనా ఎవరి గోలా వినకుండా నిద్రపోవాలనుకున్నాడు.

"పక్కసీటువాళ్ళు నిద్ర పోనిస్తార్రా?" అంది అక్క ఫోన్లో.

"చెవుడని చెప్తానక్కా."

"నోటితో చెప్తావా?"

"సైగ చేస్తాలే."

పక్కసీట్లో అరవయ్యేళ్ళ పెద్దావిడ వచ్చి కూర్చుంది. బెల్టు పెట్టుకుంటూనే, "ఎంతసేపు బాబూ ప్రయాణం?" అంది.

అతను చెవులు చూపించి, తల అడ్డంగా ఊపి, దీనంగా నవ్వాడు. ఆవిడ అయ్యో అన్నట్టు చూసింది. అతను హాయిగా కళ్ళు మూసుకున్నాడు.

భుజం మీద తట్టింది ఆవిడ. ఒళ్ళో నోటు పుస్తకం.

"ఏం ఫర్లేదు, రాసుకుందాం. ఎంత దూరం?" అని ఉంది అందులో.

రాశాడు.

"ఎన్ని గంటలు?"

రాశాడు.

"అంటే గంటకెన్ని కిలోమీటర్లు?"

విమానం నేల వదిలేలోపు భాగహారం చేసి ఎనిమిది వందలని చూపించాడు.

తర్వాత ఆవిడ ముగ్గురు కూతుళ్ళు, ఇద్దరల్లుళ్ళు, మోకాలి నొప్పి, అన్నీ పేజీలు పేజీలుగా వచ్చాయి. ప్రతి పేజీ చివరా ఒక ప్రశ్న. అతని వేళ్ళు కొంకర్లు పోయాయి. కునుకు పట్టడమే ఆలస్యం, భుజం మీద తట్టుడు.

"కాఫీయా, టీయా?" అంది ఎయిర్ హోస్టెస్. ఆ కాఫీ వాసనకి అతనికి ప్రాణం లేచొచ్చింది. వేలు చూపించేలోపే పెద్దావిడ మాట అందుకుంది.

"ఆయనకి వినపడదమ్మా. మంచినీళ్ళు చాలు."

ఐదో గంటలో ఆవిడ తనలో తాను గొణుక్కుంది. "అయ్యో, కాలర్ మీద సాలెపురుగు."

అతను ఉలిక్కిపడి మెడ తడుముకున్నాడు. వెంటనే తేరుకుని, మెడ పట్టేసినట్టు అటూ ఇటూ తిప్పాడు. ఆవిడ కిటికీలోంచి మబ్బులు చూస్తోంది. బతికిపోయాననుకున్నాడు.

దిగేసరికి పుస్తకం నిండిపోయింది. అతనికి కళ్ళు ఎర్రబడ్డాయి. అయినా సామాన్ల దగ్గర ఆవిడ పెట్టె దించి పెట్టాడు. ఇంత మంచావిడతో అబద్ధమాడానే అని మనసు పీకింది. పోనీ నిజం చెప్పేద్దామని నోరు తెరిచేలోపు, ఆవిడ చేతిలో ఒక కార్డు పెట్టి, నవ్వి, వెళ్ళిపోయింది.

ఆవిడ పేరు కింద 'చెవి, ముక్కు, గొంతు వైద్య నిపుణురాలు' అని అచ్చేసి ఉంది, దాని కింద నోటు పుస్తకంలోని అదే దస్తూరీతో, "మీ రెండు చెవులూ భేషుగ్గా ఉన్నాయి, ఫీజు అక్కర్లేదు."