ఐడ్లింగు తగ్గించకన్నా

“ఇన్నవా అన్నా, మళ్ల ఆగింది,” అన్నాడు అన్వర్.

సదానందం విన్నాడు. బండి రోగం చెవితోనే పట్టాలంటాడతను. గోదావరిఖనిలో అతని షెడ్డుకు వచ్చినవాళ్లంతా ఆ మాట ఒక్కసారైనా విని తీరాలి, తప్పించుకోవడం కుదరదు. ఎదురుగా ఉన్నది చిన్న డర్ట్ బైకు. లైట్లు లేవు, నంబరు ప్లేటు లేదు. స్టార్ట్ చేస్తే కాసేపు ఎగిరి అరుస్తుంది, అంతలోనే దిగజారి ఆగిపోతుంది.

“ఎవరు నడుపుతరు భాయ్?”

“నా బిడ్డ, అల్మాస్. జాతరల మౌత్ కా కువా మాదే. ఇయ్యాల సాయంత్రం మొదటిసారి జనం ముంగట ఎక్కుతది.”

చెక్కలతో బావిలాగా కట్టి, ఆ నిలువు గోడ మీద బండ్లు తిప్పుతారే, అదన్నమాట. సదానందం చిన్నప్పుడెప్పుడో చూశాడు.

“ఐడ్లింగు నిలబడాలె అన్నా. అది దిగిందంటే నా బిడ్డ కింద పడ్తది.”

సదానందానికి నవ్వొచ్చింది. ఐడ్లింగంటే యాక్సిలేటర్ వదిలేసినప్పుడు ఇంజను తనంతట తాను నడిచే నడక. గోడ మీద తిరిగే పిల్ల యాక్సిలేటర్ ఎందుకు వదులుతుంది? తండ్రి కదా, భయం మాట్లాడిస్తోంది అనుకుని స్టూలు జరిపాడు. అన్వర్ కుడి కాలు వంగదు. దాన్ని రెండు చేతులతో ఎత్తి ముందుకు చాపుకుని కూర్చున్నాడు. ఆ కాలి సంగతి సదానందం అడగలేదు. బొగ్గు గనులున్న ఊళ్లో కుంటే మనిషిని ఎవరూ అడగరు. ఒకప్పుడు డ్యూటీ చేసినోడై ఉంటాడులే అనుకుంటారు, అంతే.

కార్బొరేటర్ విప్పితే అడుగున నల్లటి మడ్డి.

“మన ఊరి గాలి భాయ్. జాతరకొచ్చిన బండి గూడ బొగ్గు తినుడే,” అన్నాడు సదానందం. అందులోని సూదిబెజ్జం జెట్టును పెట్రోల్లో కడిగి, నోటితో ఊది, వెలుతురుకు పట్టి చూశాడు. బిగించి స్టార్ట్ చేస్తే మళ్లీ అదే తంతు.

ఈసారి కార్బొరేటర్‌ను ఇంజనుకు కలిపే రబ్బరు మీద నాలుగు చుక్కలు పెట్రోలు చిలకరించాడు. ఇంజను గొంతు ఠక్కున మారింది.

“దొరికింది దొంగ. రబ్బరు పగిలింది. గాలి ఆడికెల్లి గుంజుతుంది.”

రబ్బరు మార్చాడు. ఐడ్లింగు స్క్రూ వెనక్కి తిప్పి, చెవి పెట్టి, మరికాస్త తిప్పాడు. పాలు తాగి పడుకున్న పిల్ల ఊపిరి తీసినట్టు నడిచింది ఇంజను.

“ఐడ్లింగు తగ్గించకన్నా. పెంచు,” అన్నాడు అన్వర్.

“ఎంత?”

“నేను ఆపుమన్నదాక.”

సదానందానికి చిర్రెత్తుకొచ్చింది. “ఎక్కువ ఐడ్లింగంటే రోగం భాయ్. పోయిన జాతరకు గిట్లనే ఎవడో ఒక బండి తెచ్చి, ప్లగ్గు చూడుమని పడేసి పోయిండు. దాని ఐడ్లింగు ఊరంత ఇనపడుతుంది. ఓపెన్‌కాస్టు మట్టిగుట్టల మీద ఎగిరే పోరగాళ్లదనుకున్న. ఆడు అడగకున్నా నేనే తగ్గించి పెట్టిన. సీటు మీద గ్లాసుల నీళ్లు పెడితే తొణకలే, తెలుసా?”

అన్వర్ చాపిన కాలును అరచేత్తో నిమురుకున్నాడు.

“నీ చెయ్యి మంచిదన్నా. అందుకే వచ్చిన,” అన్నాడు తర్వాత. “దీన్ని మాత్రం పెంచు.”

సదానందం గొణుక్కుంటూ పెంచాడు. అన్వర్ ఆపమన్నచోట ఆపాడు. స్క్రూ కదలకుండా తీగ చుట్టమంటే అదీ చుట్టాడు. పని అయ్యేదాకా అన్వర్ దాని మీంచి చూపు తియ్యలేదు. తెప్పించిన చాయ్ అట్లాగే చల్లారిపోయింది.

“సాయంత్రం రా అన్నా, చూద్దువు,” అని చెప్పి పోయాడు.

ఎండ దిగాక సదానందం గోదావరి ఒడ్డున జాతరకు పోయాడు. మెట్లెక్కి చెక్కల బావి అంచున నిలబడ్డాడు. లోపల అల్మాస్ బండెక్కింది. బక్కపల్చటి పిల్ల. అడుగున చుట్టు తిరిగి, వాలు చెక్క ఎక్కి, చూస్తుండగానే గోడ పట్టుకుంది. అంచు మీద నిలబడ్డవాళ్ల కాళ్ల కింద చెక్కలు వణికాయి. పొద్దున ముక్కలుముక్కలుగా తన ముందున్న బండి ఇప్పుడొక ఆడపిల్లను నిలువు గోడ మీద మోస్తోంది. సదానందం నోరు తెరుచుకుని చూశాడు. ఇన్నేళ్లుగా బండ్లు బాగుచేస్తున్నాడు గానీ, అవి ఇట్లాంటి పని చేస్తాయని అతనికి ఎన్నడూ తోచలేదు.

అప్పుడు ఆ పిల్ల హ్యాండిల్ వదిలేసింది. రెండు చేతులూ పక్షిలాగా చాపింది.

యాక్సిలేటర్ మీద చెయ్యి లేదు. ఇంజను మాత్రం అదే గొంతుతో, అదే ఊపుతో తిరుగుతోంది. ఆమెను గోడ మీద పట్టి ఉంచింది తను తిట్టుకుంటూ తిప్పిన ఆ స్క్రూ ఒక్కటే. సదానందానికి ఒళ్లు జలదరించింది. జనం ఈలలేస్తుంటే అతను చేతులు జోడించాడు, ఎవరికో అతనికే తెలియదు. అల్మాస్ అతని ముందునుంచి దూసుకుపోతూ నవ్వింది. ఆ గాలి మొహానికి తగిలింది. ఇంత గొప్ప సంగతి తన కళ్లతో చూస్తున్నందుకు ఏడుపొచ్చింది.

ఆ ఏడుపులోనే పోయిన జాతర బండి గుర్తొచ్చింది.

ఆట ముగిశాక రెయిలింగు పట్టుకుని కిందికి దిగాడు. మెట్ల దగ్గర అన్వర్ కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

“భాయ్, పోయిన జాతరకు నేను ఐడ్లింగు తగ్గించిన బండి… అది గూడ ఈ బావిదేనా?”

“అవునన్నా. మా పనోడు తెచ్చిండు.”

“నడిపినాయన గిట్లనే చేతులు వదిలిండా?”

“వదిలిండు. ఇంజను దిగిపోయింది.”

“ఆయన… బతికున్నడా భాయ్?”

అన్వర్ అతని భుజం మీద చెయ్యేశాడు.

“పొద్దుగాల నీ ముంగటనే కూసున్నడన్నా.”