ఒక్క పాయింటు

ఈ ఆఖరి మ్యాచ్ ఓడితే జంగ్లీఘాట్ జట్టు ఏ డివిజన్ నుంచి బీ డివిజన్‌కి దిగిపోతుంది. వానపడి ఆట రద్దయితే చెరో పాయింటు వస్తుంది. నిలబడడానికి ఆ ఒక్క పాయింటు చాలు.

ఎనిమిది వికెట్లు పోయాయి. అవుటై వచ్చిన కెప్టెన్ పైడిబాబు ప్యాడ్లు కూడా విప్పకుండా గంగమ్మకి మొక్కాడు.

"తల్లీ, ఒక్క వాన కురిపించు. కొబ్బరికాయ కొడతాను."

పది నిమిషాల్లో సముద్రం మీంచి మబ్బు నల్లగా లేచింది. గాలికి స్టంపులు ఒరిగిపోయాయి. వాన ఎంతకీ తగ్గలేదు. అంపైరు ఆట రద్దు చేశాడు.

"బచ్ గయే భయ్యా! ఏ డివిజన్లోనే ఉన్నాం!" జట్టంతా బురదలో పడి దొర్లింది.

ఈ కబురు అన్న కన్నబాబుకి ముందు తనే చెప్పాలని పైడిబాబు తడుస్తూనే జెట్టీకి పరిగెత్తాడు. చేపల వేటకెళ్లినా అన్న రోజూ పొద్దున్న పదింటికల్లా ఒడ్డుకొచ్చేస్తాడు.

పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, అన్నది తప్ప.

అమ్మ ఎదురొచ్చి అతని చేతిలో కొబ్బరికాయ పెట్టింది.

"ఇంజిను ఆగిపోనాదని ఫోన్ సేసినాడురా. అంతట్లోకే ఈ గాలొచ్చీసింది. గంగమ్మకి మొక్కరా నాయినా. సిన్నోడివి, నీ మాట ఇంటాది తల్లి."