శనివారం వరుస

"జరగండి పెద్దాయనా, మీకంటే నేను ముందొచ్చాను," అంది లోసా.

ముసలాయన జరిగాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వు చూసి ఆమెకి ఇంకా మండింది.

మారిక్‌విల్‌లో రైలు పట్టాల పక్కన పాత ఇటుక మేడ. రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు అద్దెకుంది. శనివారం పదకొండింటికి తలుపు తీస్తారు, పావుగంటలో మూసేస్తారు. ఆ పావుగంట కోసం వరుస మెట్లు దిగి వీధి మలుపు దాకా పోయింది. పెళ్ళిచూపులకైనా అంత ముస్తాబై రారు.

లోసా తన కూతురు తీలాని పెట్టుకుని అన్నగారి కారు షెడ్డులో ఉంటోంది. షెడ్డులో మనుషుల్ని పెడితే అందర్నీ కలిపి వెళ్ళగొడతానని అన్న ఇంటి యజమాని తేల్చి చెప్పాడు. నెలాఖరుకల్లా ఆమెకి ఎక్కడో ఒకచోట గూడు దొరకాలి.

ఏజెంటు డార్సీ తాళాలు ఊపుకుంటూ వచ్చాడు.

"రండి, రండి. బూట్లు విప్పే పని లేదు."

ముసలాయన ఒక్కడే విప్పాడు.

లోపల కాపురమున్నవాళ్ళ సామాను అలాగే ఉంది. పొయ్యి మీద కాఫీ గిన్నె, మంచం పక్కన మందుబిళ్ళలు. ఇల్లు చూపించే వేళకి ఆ ఇంటివాళ్ళు బయటికి పోయి ఏ పార్కులోనో కూర్చోవడం అక్కడి రివాజు. వచ్చినవాళ్ళు అలమరలు తెరిచారు, దుప్పటి ఎత్తి పరుపు నొక్కారు. అడిగేవాడెవడు?

ఇల్లు లోసాకి నచ్చింది. తీలా బడి వీధి చివరే. తను పనిచేసే వృద్ధుల ఆశ్రమానికి ఒకే బస్సు. అద్దె జీతంలో సగానికి పైగా మింగుతుంది. మింగితే మింగనీ.

ఇస్త్రీ చొక్కా వేసుకుని భార్యతో వచ్చిన ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "వారానికి ఇంకో అరవై డాలర్లు ఎక్కువిస్తాం."

"నేనడగలేదు సుమా! అడగడం చట్టరీత్యా తప్పు," అన్నాడు డార్సీ. "మీ అంతట మీరిస్తే మాత్రం కాదనను."

అంత లోసా ఎక్కడ తేగలదు?

"అయ్యా, ఆ బీరువా కాస్త పక్కకి జరిపి చూడండి," అన్నాడు ముసలాయన.

చొక్కాయన జరిపాడు. కొత్త రంగు కింద నల్లగా చెమ్మ మరకలు.

"వాన పడిందంటే గోడ ఏడుస్తుంది. వేడినీళ్ళు ఒక మనిషికే వస్తాయి. రెండోవాళ్ళు వణకాల్సిందే."

చొక్కాయన భార్య ముక్కు మూసుకుంది. "దీనికి అరవై ఎక్కువా? పదండి." ఇద్దరూ వరండాలోకి నడిచారు. వాళ్ళ వెనకే మరి కొందరు.

ముసలాయన లోసా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"నీకు పిల్లలున్నారా అమ్మాయీ?"

"ఉంటే?"

"చిన్న గది పిల్లకియ్యి. అందులో చెమ్మ లేదు. ఇప్పుడే నీ పేరు ఇచ్చెయ్యి. ఉన్న అద్దెకే. ఒక్క డాలరు ఎక్కువ చెప్పకు."

ఎక్కువ చెప్పకూడదట! లోసాకి ఒళ్ళు మండిపోయింది. కిందటి నెల క్యాంప్సీ పేటలో ఇల్లు చూడబోతే ఒకావిడ ఇలాగే తీయగా చెప్పి, వెనక నుంచి ఎక్కువిచ్చి ఇల్లు ఎగరేసుకుపోయింది.

"ఆ కబుర్లకేంగానీ, ఈ ఇల్లు మీక్కావాలా, వద్దా? అది చెప్పండి ముందు."

ముసలాయన గోడకేసి చూశాడు. "కావాలి తల్లీ. అబద్ధమెందుకు?"

"అదీ సంగతి! వాళ్ళనేమో బెదరగొట్టి పంపారు, నన్నేమో నోరు మూసుకోమంటున్నారు. పిల్లతల్లి నోటి దగ్గర కూడు లాక్కోవడానికి సిగ్గుగా లేదూ?"

ఆమె గొంతు ఇల్లంతా వినబడింది. "ఇదిగో బాబూ! ఈయన వచ్చినవాళ్ళందర్నీ వంకలు చెప్పి తోలేస్తున్నాడు. చూస్తూ ఊరుకుంటారా?"

డార్సీ మొహం వెలిగింది. ఆ మాట ఎవరంటారా అని కాచుక్కూర్చున్నట్టున్నాడు.

"ప్రతి శనివారం ఇదే గోల. ఇవాళ ఈవిడే సాక్షి. నడు బయటికి!"

ముసలాయన ఏదో అనబోయాడు. డార్సీ వేలు చూపించాడు. ముసలాయన వెనక్కి తగ్గాడు.

గడప దగ్గర కూర్చుని బూట్లు తొడుక్కున్నాడు. గోడ పట్టుకుని లేచాడు. ఎవరూ చెయ్యివ్వలేదు. లోసా కూడా.

డార్సీ బీరువా వెనక్కి నెట్టేశాడు. "పాత మరకలండీ, ఏం లేదు. ముసలాయనకి కాస్త ఇక్కడ..." అని కణత మీద వేలు తిప్పాడు.

వరండాలో నవ్వులు. చొక్కాయన మళ్ళీ లోపలికొచ్చాడు. "అయితే మా అరవై అలాగే ఉంచండి."

"మేం ఎనభై," అన్నారెవరో.

"నేను పది..." అంది లోసా. ఆ మాట ఎవరికీ వినబడలేదు. తలుపు మూసే వేళకి ఇల్లు నూటపది ఎక్కువకి పోయింది.

ఏం ఊరిది! తల దాచుకునే చోటుని కూడా సంతలో గొడ్డులా పాటపెట్టి అమ్ముకుంటారా?

కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగుతుంటే, బట్టల బుట్టతో కింది ఇంటావిడ లియెన్ ఎదురైంది.

"ఇవాళ కూడా లెఫ్టెరిస్‌ని తరిమేశారా?"

"ఆ ముసలాయనా? ఇల్లు తను కొట్టేద్దామని వస్తున్నాడుగా!"

"ఏం మాటలమ్మా అవి? పాట పెరిగితే నోరు విప్పుతాడంతే. తనకెలాగూ దక్కదు, నీలాంటిదెవరైనా ఉన్న అద్దెకి దిగితే చాలంటాడు."

"మరి ఆ మాట పైకి చెప్పొచ్చుగా?"

"ఎలా చెప్తాడు? తనెవరో బయటపెడితే, మంచివాడని ఇంకో ఇంటి యజమానికి ఒక్క ముక్క కూడా చెప్పనని ఆ ఏజెంటు బెదిరించాడు. ఆ ముక్క లేకపోతే ఈ ఊళ్ళో గడప తొక్కనిచ్చేదెవరు? అందుకే పరాయివాడిలా మీ వరుసలో నిలబడుతున్నాడు."

లోసా మెట్ల కమ్మీ పట్టుకుంది. "ఇంతకీ ఎవరాయన?"

"ఇందాక మీరంతా చూసొచ్చారే, అది ఆయన కాపురమున్న ఇల్లమ్మా, వచ్చే బుధవారం ఖాళీ చేయించేదాకా."