సింకు ముందు కిటికీ

"దొరికిందోయ్! పిల్లలున్నవాళ్ల కోసమే కట్టిన రిసార్టట," అన్నాడు భర్త, ఫోన్‌లోంచి తలెత్తకుండా. "మంచుకొండ మీదే. గదిలోనే పొయ్యి, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్!"

భార్య అంట్లు తోముతోంది. "ఇంకా?"

"కుక్కర్ కూడా వాళ్లే ఇస్తారు. నీకు మోసుకొచ్చే బాధ లేదు."

"అబ్బ, ఎంత దయ!"

తమ్ముణ్ణి తోసుకుంటూ వచ్చి ఫోన్‌లోకి తొంగిచూసింది కూతురు. "నాన్నా, స్కీ బూట్ల సైజులు అడుగుతున్నారు. అమ్మదెంత?"

"అమ్మకెందుకే? మనం ముగ్గురం మంచులో జారి జారి వచ్చేసరికి ఆకలితో నకనకలాడిపోతాం. వేడివేడిగా ఎవరో ఒకరు వండిపెట్టాలిగా?"

"మరి నేను మంచు చూడొద్దా?" అంది భార్య.

"భలేదానివే! ఈ ఫోటో చూడు. సింకు ముందే ఇంత కిటికీ. అంట్లు తోమినంతసేపూ కొండంతా నీదే."

ఆమె చేతులు తుడుచుకుని ఫోన్ అందుకుంది. ఆ కిటికీని నింపాదిగా చూసింది. నలుగురు అని ఉన్నచోట ముగ్గురు అని మార్చి, బుక్ చేసేసి, ఫోన్ తిరిగిచ్చింది.

"అదేంటి, నువ్వు రావా?"

"నాకూ సెలవు కావాలనిపించింది. మీరు ముగ్గురూ అక్కడుంటే చాలు, ఈ ఇల్లే నాకు రిసార్టు."

అతని మొహాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. "మరి అక్కడ వంటెవరు చేస్తారు? అంట్లెవరు తోముతారు?"

"కంగారెందుకు? కిటికీ ఉందిగా," అందామె. "కొండంతా మీదే."